బొగ్గుపులుసు వాయువు, నానో నురగ, రాతిలో మిగిలిపోయిన చమురు: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత చమురు బావుల్లోకి కార్బన్ డైఆక్సైడ్ పంపడం గురించి, దానికి నానో కణాలు (కంటికి కనబడనంత సూక్ష్మమైన రేణువులు) తోడు చేయడం గురించి. ఒకే సందేహం పలువురు అడిగిన చోట కలిపి ఒకటే ప్రశ్నగా వేశాం.

నీటితో చమురును తోస్తారంటే అర్థమవుతుంది. వాయువు పంపితే చమురు ఎందుకు కదులుతుంది? అది బుడగలుగా పైకి పోదా? (డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం)

పోతుంది. మీ అనుమానంలోనే అసలు కథంతా ఉంది, దాని దగ్గరకు తర్వాత వస్తాం. భూమి లోపల చమురు చెరువులా నిలిచి ఉండదు. ఇసుకరాయి, సున్నపురాయి రేణువుల మధ్య సందుల్లో ఇమిడి ఉంటుంది. నీరు తోసుకొచ్చినప్పుడు కొంత చమురు కదిలి, మిగిలింది సన్నటి ఇరుకుల్లో తెగిపోయి బొట్లుగా చిక్కుకుంటుంది. నీటికీ చమురుకీ మధ్య ఉన్న తలతన్యత (సరిహద్దును సాగదీసిన పొరలా బిగించే బలం) ఆ బొట్టును దాటనివ్వదు. అందుకే సహజ ఒత్తిడితో తీసి, ఆపైన నీరు పంపి తీసినా, చాలా క్షేత్రాల్లో సగానికి పైగా చమురు రాతిలోనే ఉండిపోతుంది.

కార్బన్ డైఆక్సైడ్‌ది వేరే దారి. 31.1 డిగ్రీల సెల్సియస్, 73.8 బార్ దాటాక అది సూపర్‌క్రిటికల్ స్థితికి, అంటే ద్రవమో వాయువో తేడా చెప్పలేని స్థితికి, చేరుతుంది. 60 డిగ్రీలు, 150 బార్ దగ్గర ఘనపు మీటరుకు సుమారు 600 కిలోల బరువు తూగుతుంది. పేరుకు వాయువే కానీ బరువులో ద్రవానికి దగ్గర. చమురులో కరిగి దాన్ని ఉబ్బిస్తుంది, పలచన చేస్తుంది. అదే సమయంలో చమురులోని తేలికపాటి, మధ్యస్థ భాగాలను తనలోకి లాక్కుంటుంది. ఒత్తిడి చాలినంత ఉంటే ఈ ఇచ్చిపుచ్చుకోవడం సాగి సాగి రెండింటి మధ్య సరిహద్దే చెరిగిపోతుంది. సరిహద్దు లేని చోట తలతన్యత లేదు, చిక్కుకునే బొట్టూ లేదు.

పశ్చిమ టెక్సస్‌లోని సాక్రాక్ అనే చమురు క్షేత్రపు యూనిట్‌లో 1972 జనవరి నుంచి ఇది పెద్ద ఎత్తున నడుస్తోంది. కెనడాలోని వేబర్న్ క్షేత్రానికి 2000 నుంచి అమెరికాలోని నార్త్ డకోటాలో బొగ్గును వాయువుగా మార్చే కర్మాగారం నుంచి పైపులైనులో ఈ వాయువు వెళ్తోంది. ఇలాంటి చోట్ల క్షేత్రంలో మొదట ఉన్న చమురులో సుమారు 5 నుంచి 15 శాతం అదనంగా దక్కుతుందని లెక్క.

ఎంత ఒత్తిడి కావాలో ముందే ఎలా తెలుస్తుంది? (పెట్రోలియం ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ)

దాన్ని కనిష్ఠ మిశ్రణ ఒత్తిడి అంటారు, వాడుకలో ఎంఎంపీ. నమ్మదగ్గ కొలత స్లిమ్ ట్యూబ్ పరీక్ష. సుమారు 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 12 నుంచి 24 మీటర్ల పొడవు ఉన్న స్టీలు గొట్టంలో సన్నటి ఇసుక గానీ గాజుపూసలు గానీ దట్టించి, చుట్టగా చుట్టి, క్షేత్రం ఉష్ణోగ్రత ఉన్న ఓవెన్‌లో పెడతారు. చమురుతో నింపి, ఒక ఒత్తిడి దగ్గర రంధ్ర పరిమాణానికి (రేణువుల మధ్య ఖాళీ మొత్తానికి) 1.2 రెట్ల కార్బన్ డైఆక్సైడ్ పంపి, ఎంత చమురు వచ్చిందో కొలుస్తారు. ఇలా అయిదారు ఒత్తిళ్ల దగ్గర చేసి గీత గీస్తే, మొదట నిటారుగా ఎక్కి ఒక చోట వంగి చదునవుతుంది. ఆ వంపే మీకు కావలసిన ఒత్తిడి.

ఇక్కడ విద్యార్థులు తరచూ చేసే పొరపాటు ట్యాంకు నుంచి తెచ్చిన చమురును అలాగే వాడేయడం. క్షేత్రంలోని చమురులో మీథేన్ కరిగి ఉంటుంది, అది ఎంఎంపీని పెంచుతుంది. పంపే వాయువులో నైట్రోజన్ కలిసినా పెరుగుతుంది. ఈథేన్ నుంచి బ్యూటేన్ దాకా ఉన్నవి, హైడ్రోజన్ సల్ఫైడ్ తగ్గిస్తాయి. కాబట్టి వాయువు కలిపి పునర్నిర్మించిన చమురుతోనే పరీక్ష చేయండి. ఉష్ణోగ్రత పెరిగినా, చమురు బరువెక్కినా ఎంఎంపీ పెరుగుతుంది. మోటుగా చెప్పాలంటే 760 మీటర్ల కంటే లోతు, 22 డిగ్రీల ఏపీఐ (చమురు తేలికదనాన్ని చెప్పే కొలత, అంకె పెరిగితే చమురు తేలిక) కంటే తేలిక చమురు ఉన్న క్షేత్రాలనే ముందు చూస్తారు.

చమురుతో అంత బాగా కలిసిపోతే మధ్యలో నానో కణాలెందుకు? పేరు గొప్ప కోసమా? (హైదరాబాద్, బాలానగర్ నుంచి కెమికల్ ఇంజనీరు, ఇదే భావంతో మరో ముగ్గురు)

కొంతవరకు పేరు గొప్పే, ఒప్పుకోవాలి. అసలు అవసరం మాత్రం నిజం. 60 డిగ్రీలు, 150 బార్ దగ్గర కార్బన్ డైఆక్సైడ్ చిక్కదనం 0.05 సెంటీపాయిజ్ లోపే. అదే వేడిలో నీటిది 0.47. అంటే నీటి కంటే పది రెట్లు పలచన, చమురు కంటే ఇంకా ఎక్కువ పలచన. పలచటిది చిక్కటిదాన్ని సమానంగా తోయలేదు. వేళ్లలా చీలుకుంటూ ముందుకు పరుగెత్తుతుంది. బరువు కూడా తక్కువ కాబట్టి పొర పైభాగానికి ఎగబాకుతుంది. మొదటి ప్రశ్నలో రాజమహేంద్రవరం పాఠకురాలు అనుమానించింది దీన్నే. ఉత్పత్తి బావికి తొందరగా వాయువు వచ్చేస్తుంది, కింద ఉన్న చమురు తాకకుండానే మిగిలిపోతుంది. తాకిన చోట పనితనం అద్భుతం, తాకే మేరే తక్కువ.

దీనికి పాత మందు నీటిని, వాయువును వంతులవారీగా పంపడం. తర్వాతిది నురగ. సబ్బులాంటి సర్ఫక్టెంట్ నీటిలో కలిపి కార్బన్ డైఆక్సైడ్ పంపితే రాతి సందుల్లో నీటి పొరలు అడ్డుగా నిలబడి వాయువు వేగాన్ని తగ్గిస్తాయి. కుంకుడు నురగ ఎలా నిలుస్తుందో అలాగే, కాకపోతే ఒక్కో పొరా రాతి రంధ్రం వెడల్పే. న్యూమెక్సికోలోని ఈస్ట్ వాక్యూమ్ క్షేత్రంలో 1990ల మొదట్లోనే దీన్ని పరీక్షించారు. చిక్కెక్కడంటే సర్ఫక్టెంట్ అణువులు రాతికి అంటుకుని ఖర్చయిపోతాయి, వేడికి విరుగుతాయి, చమురు తగిలితే నురగ చచ్చిపోతుంది. పైగా అవి సరిహద్దు మీద ఉంటాయి, వదిలేసి పోతాయి, మళ్లీ వస్తాయి. నిలకడ లేదు.

నానో కణం అలా కాదు. ఒక లెక్క చూడండి. 10 నానోమీటర్ల వ్యాసార్ధం ఉన్న కణం, నీటికీ కార్బన్ డైఆక్సైడ్‌కీ మధ్య తలతన్యత మీటరుకు 30 మిల్లీన్యూటన్లు, స్పర్శకోణం (కణం ఉపరితలాన్ని నీరు ఎంత తడుపుతుందో చెప్పే కోణం) 90 డిగ్రీలు అనుకుందాం. ఆ కణాన్ని సరిహద్దు నుంచి ఊడబీకడానికి కావలసిన శక్తి పై, వ్యాసార్ధం వర్గం, తలతన్యత మూడింటి గుణకారం. అంటే సుమారు 9.4ను పదితో పద్దెనిమిది సార్లు భాగిస్తే వచ్చినన్ని జౌళ్లు. ఇది 60 డిగ్రీల దగ్గర అణువుల ఉష్ణ చలనశక్తికి రెండు వేల రెట్లు. స్పర్శకోణం 60 డిగ్రీలైతే దీనిలో నాలుగో వంతు, అంటే 500 రెట్లు. అయినా చాలు. ఒకసారి కూర్చున్న కణం తనంతట తాను లేవదు.

ఈ సూత్రంలోనే షరతు కూడా ఉంది. కణం పూర్తిగా నీటిని ఇష్టపడితే కోణం సున్నాకు దగ్గరవుతుంది, పట్టు కూడా సున్నా అవుతుంది. అందుకే నగ్నంగా ఉన్న సిలికా (ఇసుకలోని ప్రధాన పదార్థం) కణం నీటిలో హాయిగా తేలుతుంది కానీ నురగను నిలపదు. ఉపరితలాన్ని కాస్త నీటివిముఖంగా చేయాలి. మరీ ఎక్కువ చేస్తే 90 డిగ్రీలు దాటి తలకిందులవుతుంది: నీటిలో వాయువు బుడగలకు బదులు వాయువులో నీటి చుక్కలు ఏర్పడతాయి. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాలీఇథిలీన్ గ్లైకాల్ తొడిగిన సిలికాతో 2010లో ఇచ్చిన ఫలితాల్లో, కణాలు లేని అదే ద్రవాలతో పోలిస్తే ప్రవాహ నిరోధం 2 నుంచి 18 రెట్లు పెరిగింది. సర్ఫక్టెంట్ నురగకు క్షేత్రాల్లో ముప్పై ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. నానో నురగ గురించి మీరు చదివేది మాత్రం చాలావరకు ప్రయోగశాలలో స్తంభంలా కోసిన రాతి ముక్కలైన కోర్‌ల మీద తేలిందే. చదివేటప్పుడు ఆ తేడా గుర్తుంచుకోండి.

మా ప్రాజెక్టులో 30 శాతం సిలికా ద్రావణం కొని 0.5 శాతానికి పలుచన చేశాం. 8 శాతం సోడియం క్లోరైడ్, 2 శాతం కాల్షియం క్లోరైడ్ ఉన్న ఉప్పునీటిలో పోయగానే పాలు విరిగినట్టయింది. అల్ట్రాసోనిక్ పెట్టినా గంటలో మళ్లీ అదే. ఏం తప్పు చేశాం? (ఎంటెక్ విద్యార్థులు, విశాఖపట్నం)

అల్ట్రాసోనిక్ మీద భారం వేయడమే మొదటి తప్పు. అది ముద్దలను విడగొడుతుంది, విడిపోయినవి మళ్లీ అతుక్కోకుండా ఆపలేదు. కణాలను దూరంగా ఉంచేది వాటి రుణావేశం. ఆ ఆవేశం ప్రభావం సాగే దూరం ఉప్పు పెరిగే కొద్దీ కుంచించుకుపోతుంది. లీటరుకు 0.01 మోల్ ఉప్పున్నప్పుడు అది సుమారు 3 నానోమీటర్లు, 1 మోల్ ఉంటే 0.3. మీ నీటిలో ఒక మోల్‌కు పైనే ఉంది. ఇక కాల్షియం రెండు కణాల మధ్య వంతెన వేసినట్టు పనిచేస్తుంది. మార్కెట్లో దొరికే సిలికా ద్రావణం సాధారణంగా 9, 10 పీహెచ్‌లో ఉంటుంది. కాల్షియం చేసే హాని ఆ క్షార స్థితిలోనే ఎక్కువ.

వరుస మార్చి చూడండి. కిలో ద్రవంలో 0.5 శాతం కావాలంటే 30 శాతం ద్రావణం 16.7 గ్రాములు చాలు. దాన్ని ముందు 500 గ్రాముల డీఅయనైజ్డ్ నీటిలో కలిపి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 3కి దించండి. దించేటప్పుడు 5, 6 మధ్య ఆగకండి, సిలికా వేగంగా జెల్ అయ్యేది ఆ మధ్యలోనే. చివర్లో రెట్టింపు గాఢత ఉన్న ఉప్పునీటిని, దాన్నీ పీహెచ్ 3కి తెచ్చి, మిగతా బరువు సరిపోయేలా సన్నటి ధారగా పోస్తూ కలపండి. కలిపిన వెంటనే, 24 గంటలకు, వారానికి కణ పరిమాణం కొలవండి. గది ఉష్ణోగ్రతలో నిలిచిందని సంబరపడొద్దు, క్షేత్రం వేడిలో మూసిన సీసాలో పెట్టి చూడండి. సగటు పరిమాణం 20 నుంచి 40 నానోమీటర్లకు పెరిగితే పరవాలేదు, 300 దాటితే ఆ ద్రవాన్ని కోర్‌లోకి పంపకండి. ముద్ద పరిమాణం రంధ్రాల ఇరుకులో మూడో వంతుకు చేరితే రాతి ముఖం మీద మట్టిలా పేరుకుంటుంది, ఏడో వంతు దాటితే లోపలికి దూరి అక్కడ ఇరుక్కుంటుంది.

కార్బన్ డైఆక్సైడ్ కరిగిన నీరు లోపల ఎలాగూ 3 ప్రాంతపు పీహెచ్‌కు దిగుతుంది కదా, ఆమ్లం మనమెందుకు పోయడమని మీకు అనిపించవచ్చు. బావిలోకి దిగి వాయువును కలిసే దాకా కణాలు బతకాలి కదా! ఇంకొకటి, మీ కోర్ సున్నపురాయి అయితే ఈ కిటుకు పనిచేయదు. రాయి ఆమ్లాన్ని తినేసి పీహెచ్‌ను 5 వైపు లాగుతుంది, మళ్లీ ప్రమాద స్థలానికే వస్తారు. అలాంటప్పుడు పాలీఇథిలీన్ గ్లైకాల్ గానీ గ్లైమో అనే సైలేన్ గానీ తొడిగిన కణాలు కొనుక్కోవడమే దారి. తొడుగున్న కణాలు ఆవేశం మీద కాక తొడుగు తోపిడి మీద ఆధారపడతాయి కాబట్టి ఉప్పుకు అంతగా బెదరవు. ఆ తొడుగే స్పర్శకోణాన్నీ సరిచేస్తుంది.

కోర్ పరీక్షలో నానో ద్రవంతో 18 శాతం అదనపు చమురు వచ్చిందని మా విద్యార్థులు చూపిస్తున్నారు. నమ్మవచ్చా? (అధ్యాపకుడు, అనంతపురం)

ముందు కోర్ కొలతలు అడగండి. 3.8 సెంటీమీటర్ల వ్యాసం, 7.6 పొడవు అయితే ఘనపరిమాణం 86 ఘనపు సెంటీమీటర్లు. 20 శాతం రంధ్రాలంటే 17. అందులో 70 శాతం చమురు, అంటే 12 ఘనపు సెంటీమీటర్లు. గొట్టాలు, వాల్వుల్లో ఉండిపోయే ద్రవాన్ని అర ఘనపు సెంటీమీటరు తప్పు లెక్కేస్తే ఫలితంలో 4 శాతం తేడా వచ్చేస్తుంది. 30 సెంటీమీటర్ల పొడవు కోర్ వాడితే ఈ తప్పు పాలు తగ్గుతుంది.

తర్వాత పోలిక. కణాలు లేకుండా అదే ఉప్పునీరు, అదే కార్బన్ డైఆక్సైడ్, అదే వేగంతో పంపిన పరీక్ష పక్కన లేకపోతే ఆ 18లో వాయువు వాటా ఎంతో, కణాల వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. బయటికొచ్చిన వాయువు తనతో తేలిక చమురు ఆవిరిని పట్టుకుపోతుంది. దాన్ని చల్లటి ఉచ్చులో పట్టారా అని అడగండి. పీడన భేదం గీత కూడా చూపించమనండి. నురగ నిజంగా ఏర్పడితే పీడన భేదం పెరిగి ఒక చోట నిలకడగా ఉంటుంది. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే అది నురగ కాదు, కోర్ మూసుకుపోతోంది. పరీక్ష అయ్యాక మళ్లీ ఉప్పునీరు పంపి పారగమ్యత (రాయి ద్రవాన్ని ఎంత సులువుగా పోనిస్తుందో) కొలిస్తే విషయం తేలిపోతుంది. మొదటి విలువలో 90 శాతం తిరిగి వస్తే మంచిదే. సగమే వస్తే ఆ అదనపు చమురు కథ అక్కడితో ఆపండి.

క్షేత్రంలో ఎన్ని టన్నుల కణాలు కావాలి? (పేరు రాయని పాఠకుడు)

లక్ష ఘనపు మీటర్ల రంధ్ర పరిమాణం ఉన్న చిన్న ప్రాంతం అనుకుందాం. పదో వంతు నురగ, అంటే 10 వేల ఘనపు మీటర్లు. నురగలో 75 శాతం వాయువు, మిగతా 2,500 ఘనపు మీటర్లు నీరు. 0.5 శాతం కణాలంటే 12.5 టన్నుల పొడి సిలికా, 0.1 శాతమైతే 2.5 టన్నులు. రాతికి అంటుకునేది దీనికి అదనం. అందుకే కాస్త సర్ఫక్టెంట్, కాస్త కణాలు కలిపి వాడే పద్ధతి మా దృష్టిలో వట్టి కణాల కంటే ఆచరణకు దగ్గర.

థర్మల్ ప్లాంటు బూడిదను నానో కణాలుగా వాడలేమా? (పాల్వంచ పాఠకుడు)

ఫ్లైయాష్‌ను నూరి నానో స్థాయికి తెచ్చి, సర్ఫక్టెంట్‌తో కలిపి నురగ నిలబెట్టిన ప్రయోగాలున్నాయి. బూడిద చవకే, నూరడం చవక కాదు. పైగా ఒక్కో లారీ బూడిద ఒక్కో కూర్పుతో వస్తుంది. అందులోని సున్నం నీటిలోకి కాల్షియాన్ని వదిలితే ఏమవుతుందో విశాఖ విద్యార్థులు చూసే ఉన్నారు.

అబుదాబీలో ఇంజెక్షన్ లైన్ల మీద పనిచేస్తున్నాను. వాల్వు తెరిచినప్పుడు లైను గడ్డకట్టి మూసుకుపోతోంది, సీళ్లు పొక్కులు లేచి చిరుగుతున్నాయి. జాగ్రత్తలు చెప్పండి. (అమలాపురం వాసి)

మీరున్న దేశంలోనే ఉక్కు కర్మాగారం నుంచి పట్టిన వాయువును చమురు క్షేత్రాలకు పంపే అల్ రెయాదా పథకం 2016 నుంచి నడుస్తోంది కాబట్టి ఈ సమస్యలు అక్కడి వాళ్లకు కొత్త కావు. కార్బన్ డైఆక్సైడ్ ఒత్తిడి 5.2 బార్ కంటే కిందికి పడితే ద్రవం అన్న మాటే ఉండదు, పొడిమంచు అవుతుంది. అదే మీ గడ్డ. లైను ఖాళీ చేసేటప్పుడు ద్రవమంతా ఆవిరయ్యే దాకా ఒత్తిడిని దీనికి బాగా ఎగువనే నిలిపి, నెమ్మదిగా వదలాలి. 10 బార్ దగ్గర ద్రవం ఉష్ణోగ్రత సున్నాకు 40 డిగ్రీలు దిగువ. మామూలు కార్బన్ స్టీలుకు సాధారణ హద్దు సున్నాకు 29 దిగువే. కాబట్టి గేజీతో పాటు పైపు ఉష్ణోగ్రత కూడా చూస్తూ వదలండి. గడ్డకట్టిన లైనును సుత్తితో కొట్టొద్దు, మంటతో వేడి చేయొద్దు. వెనక ఒత్తిడి ఉంటే ఆ గడ్డ తుపాకీ గుండులా దూసుకొస్తుంది.

సీళ్ల పొక్కులకు కారణం రబ్బరులోకి ఇంకిన వాయువు. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గగానే లోపల ఉబ్బి చీల్చుకుని బయటికొస్తుంది. వేగంగా ఒత్తిడి తగ్గినా తట్టుకునేలా పరీక్షించిన, గట్టి రకం కృత్రిమ రబ్బరైన హెచ్ఎన్‌బీఆర్ సీళ్లు అడగండి.

తుప్పు సంగతి: పొడిగా ఉన్నంతవరకు ఈ వాయువు ఉక్కును ఏమీ చేయదు. నీరు తగిలితే ఆమ్లమై తినేస్తుంది. పైపులైను వాయువులో ఘనపు మీటరుకు అర గ్రాము లోపే తేమ ఉండాలని అమెరికాలో వాడే ప్రమాణం. నీరు, వాయువు వంతులుగా వెళ్లే బావిలో మాత్రం తప్పించుకునే వీలు లేదు కాబట్టి లోపల ప్లాస్టిక్ పూతో, ఫైబర్‌గ్లాస్ లైనింగో ఉన్న ట్యూబింగ్, బావి తలలో స్టెయిన్‌లెస్ స్టీలు వాడతారు.

అన్నిటికంటే ముఖ్యం, ఇది గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. గుంటల్లో, కాలువల్లో పేరుకుంటుంది. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం సటార్షియా దగ్గర భారీ వర్షాల తర్వాత నేల జారి కార్బన్ డైఆక్సైడ్ పైపులైను పగిలినప్పుడు నలభై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, ఆక్సిజన్ చాలక కార్ల ఇంజన్లు కూడా ఆగిపోయాయి. గాలిలో 4 శాతం ఉంటే ప్రాణానికే ముప్పు. ఆక్సిజన్ మీటరు ఒక్కటే పెట్టుకుంటే చాలదు, 4 శాతం కార్బన్ డైఆక్సైడ్ చేరినా ఆక్సిజన్ 20 శాతం చూపిస్తూనే ఉంటుంది. కార్బన్ డైఆక్సైడ్ మీటరు విడిగా కట్టుకోండి.

మన కృష్ణా గోదావరి బేసిన్‌లో ఇది కుదురుతుందా? (నరసాపురం, యానాం నుంచి)

బేసిన్‌లో దొరికేది ఎక్కువగా సహజవాయువు, దానికి ఈ పద్ధతి కాదు. రవ్వ లాంటి చమురు క్షేత్రాలకు సూత్రప్రాయంగా ఆలోచించవచ్చు, వాయువు ఎక్కడి నుంచి అన్నదే ప్రశ్న. కొలమానం కోసం చూడండి: కాకినాడలోని ఎరువుల కర్మాగారంలో పొగ నుంచి కార్బన్ డైఆక్సైడ్ పట్టడానికి పెట్టిన యూనిట్ సామర్థ్యం రోజుకు 450 టన్నులు. ఒక్కో పీపా (బ్యారెల్) చమురుకు 0.3 నుంచి 0.5 టన్ను వాయువు అనుకుంటే అంతటితో రోజుకు 900 నుంచి 1,500 పీపాలు. కానీ ఆ వాయువు యూరియా తయారీకే పట్టారు, మిగులు కాదు. బేసిన్‌లోని లోతైన పొరల్లో 150 డిగ్రీలు దాటిన వేడి ఇంకో చిక్కు. ఎంఎంపీ పెరుగుతుంది, సర్ఫక్టెంట్ నిలవదు. అలాంటి చోటే కణాల వైపు మొగ్గు న్యాయం. దేశంలో ముందుగా చర్చకొచ్చింది గుజరాత్‌లోని గాంధార్ క్షేత్రం. కోయలి రిఫైనరీ వాయువును అక్కడికి పంపే ఆలోచన మీద ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్ 2019లో ఒప్పందం చేసుకున్నాయి.

ఇలా తీసిన చమురు పర్యావరణానికి మంచిదని ప్రచారం చేస్తున్నారు. నిజమేనా? (వరంగల్ పాఠకురాలు)

ఒక పీపా ముడి చమురు కాలిస్తే సుమారు 0.43 టన్ను కార్బన్ డైఆక్సైడ్ వస్తుంది. లోపల నిలిచిపోయేది పీపాకు 0.3 టన్ను అయితే అప్పు తీరనట్టే. పట్టడానికి, కుదించడానికి, పంపడానికి అయ్యే కరెంటు లెక్క దీనికి అదనం. పశ్చిమ టెక్సస్‌లో ఇన్నేళ్లూ వాడిన వాయువులో ఎక్కువ భాగం కొలరాడో, న్యూమెక్సికోల్లో భూమిలో సహజంగా ఉన్నదాన్ని తవ్వి తెచ్చిందే. దాన్ని దాచిపెట్టాం అనడం ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకోవడమే. కర్మాగారం పొగ నుంచి పట్టి, చమురు తీయడం అయిపోయాక కూడా పంపుతూ పోతే లెక్క మారుతుంది. టెక్సస్‌లోని పెట్రా నోవా బొగ్గు విద్యుత్ కేంద్రం పొగ నుంచి పట్టి 130 కిలోమీటర్ల దూరంలోని చమురు క్షేత్రానికి పంపింది. 2017లో మొదలై, చమురు ధరలు పడిపోగానే 2020లో ఆగి, 2023లో మళ్లీ నడిచింది.